తీసేసిన గర్భసంచి చెప్పగలిగిన సంగతులు: ఆర్గనాయిడ్లు, స్త్రీల ఆరోగ్యం, క్యాన్సర్

గుంటూరు కొత్తపేటలోనో, విజయవాడ సూర్యారావుపేటలోనో ఒక నర్సింగ్ హోములో ఆపరేషను చేసి తీసిన గర్భసంచి థియేటరు నుంచి బయటికి వచ్చేది మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో. డబ్బా నిండా ఫార్మాలిన్ ఉంటుంది. పైన అంటించిన చీటీ మీద పేరు, వయసు, తేదీ ఉంటాయి. దానితోపాటు పాథాలజీ ల్యాబుకు వెళ్లే ఫారంలో చివరి నెలసరి తేదీ రాయడానికి ఒక గడి ఉంటుంది. హడావుడిలో అది ఖాళీగా మిగిలిపోవడం కద్దు. ఫార్మాలిన్ కణజాలాన్ని కుళ్లిపోకుండా కాపాడుతుంది గానీ, దాన్ని చంపి కాపాడుతుంది. ల్యాబులో ఆ ముక్కను మైనంలో పోతపోసి, పల్చగా కోసి, రంగు వేసి సూక్ష్మదర్శిని కింద పెడితే ఫైబ్రాయిడ్ ఉందా, లోపొర మందమెక్కిందా, క్యాన్సర్ ఉందా అన్నది తేలుతుంది. రోగికి అప్పటికి కావలసిన సమాధానం అదే కాబట్టి ఆ పరీక్షకు వంక పెట్టడానికి లేదు. అయితే ఆమెకు ఏళ్ల తరబడి అంత రక్తస్రావం ఎందుకైందో, హార్మోను మాత్రలు ఎందుకు పనిచేయలేదో ఆ స్లైడు చెప్పలేదు. బతికున్న కణాన్ని అడగవలసిన ప్రశ్నలవి.

ఈ ప్రాంతానికి ఈ సంగతి ఎందుకు ముఖ్యమో ఒక్క లెక్క చాలు. 2019-21 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8 శాతానికి పైగా. తెల్లబట్ట అవుతోందనో, నెలసరి ఆగకుండా వస్తోందనో వెళ్లిన మనిషి నలభై దాటకుండానే సంచి తీయించుకుని తిరిగి రావడం పల్లెల్లో వింతగా చెప్పుకునే విషయం కాకుండా పోయింది. ఈ ఆపరేషన్లలో ఎన్ని అవసరమైనవి, ఎన్ని కావన్న చర్చ వేరే. అవసరమైన వాటిలో కూడా, తీసేసిన అవయవం నుంచి ఆ స్త్రీ కూతురికో మనవరాలికో ఉపయోగపడే జ్ఞానం ఏమీ మిగలకపోవడం ఇక్కడ చూడవలసిన సంగతి. ఆర్గనాయిడ్ అనే పద్ధతి ఆ లోటును కొంతవరకు పూడ్చగలదు. ఎంతవరకు అన్నది లెక్కగా చెప్పుకోవాలి, ఎందుకంటే ‘ల్యాబులో పెంచిన గర్భాశయం’ వంటి శీర్షికలు ఇప్పటికే ఆ హద్దును చెరిపేస్తున్నాయి.

ఆర్గనాయిడ్ అంటే అవయవం కాదు. ఒక అవయవపు కణజాలంలోని మూలకణాలు (విభజన చెందుతూ ఆ అవయవపు ఇతర కణాలను పుట్టించగల కణాలు) తమంతట తాము పెరిగి, తమ సొంత అవయవంలో ఉన్నప్పటి అమరికను చిన్న ఎత్తున తిరిగి కట్టుకున్న రూపం మాత్రమే. ఈ పద్ధతికి గట్టి పునాది 2009లో పడింది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ఉన్న హుబ్రెక్ట్ సంస్థలో తోషిరో సాటో, హాన్స్ క్లెవర్స్ బృందం ఎలుక పేగు నుంచి ఒకే ఒక్క మూలకణాన్ని తీసి, తగిన జెల్‌లో, తగిన పోషకాలతో పెంచితే, అది విభజన చెంది పేగు గోడలో ఉండే గుంటలు, పొడుచుకు వచ్చిన భాగాలు అన్నీ వరసతప్పకుండా కట్టుకుంది. అంతకుముందు ల్యాబుల్లో కణాలను గాజు పళ్లెం అడుగున చాపలా పరిచి పెంచేవారు. అలా పరిచిన కణానికి పైన ఏముందో, కింద ఏముందో, తాను ఏ అవయవానికి చెందిందో గుర్తు ఉండదు. అన్ని వైపులా ఆసరా దొరికినప్పుడు ఆ గుర్తు తిరిగి వస్తుందని 2009 నాటి పని చూపించింది.

గర్భాశయ లోపొర విషయంలో ఆ పని ఎలా సాగుతుందో దగ్గరగా చూస్తే విషయం తేటపడుతుంది. బయాప్సీలో వచ్చిన ముక్కను ఫార్మాలిన్‌లో కాకుండా చల్లని పోషక ద్రవంలో వేస్తారు. దాన్ని సన్నగా తరిగి, కొల్లాజెన్‌ను కరిగించే ఎంజైములో కాసేపు నానబెడితే చుట్టూ ఉన్న బంధన కణాలు విడిపోయి, గ్రంథులు ముక్కలుముక్కలుగా మిగులుతాయి. సన్నని జల్లెడలో వడకడితే విడికణాలు కిందికి జారిపోతాయి, గ్రంథుల ముక్కలు పైన నిలుస్తాయి. వాటిని మంచు మీద ఉంచిన జెల్‌లో కలుపుతారు. కొబ్బరి నూనె చలికి గడ్డకట్టి వేడికి కరుగుతుంది. ఈ జెల్ స్వభావం దానికి తలకిందులు. మంచు మీద నీళ్లలా ఉండి, 37 డిగ్రీలకు చేరగానే పేరుకుంటుంది. అందుకే చేయి చురుకుగా ఉండాలి. కందిగింజంత బొట్లుగా పళ్లెంలో వేసి, ఇంక్యుబేటర్‌లో పేరుకున్నాక, పైన పోషక ద్రవం పోస్తారు. అందులో మూలకణాన్ని మూలకణంగానే నిలిపి ఉంచే సంకేత ప్రోటీన్లు ఉంటాయి. వారం పది రోజులకు సూక్ష్మదర్శిని కింద గుండ్రని, లోపల డొల్లగా ఉన్న బుడగలు కనిపిస్తాయి. బుడగ గోడ ఒకే వరస కణాలతో ఉంటుంది. ఆ బుడగ గర్భాశయ గ్రంథికి ప్రతిరూపం. దాన్ని విడగొట్టి మళ్లీ నాటితే మళ్లీ పెరుగుతుంది. నెలల తరబడి పెంచవచ్చు, గడ్డకట్టించి దాచి మళ్లీ లేపవచ్చు.

మానవ గర్భాశయ లోపొర నుంచి ఇలాంటి ఆర్గనాయిడ్లను 2017లో రెండు బృందాలు విడివిడిగా తయారుచేశాయి. ఒకటి కేంబ్రిడ్జ్‌లో మార్గెరిటా టర్కో, ఆష్లీ మోఫెట్, గ్రాహం బర్టన్‌లది. రెండోది బెల్జియంలోని లూవెన్‌లో హ్యూగో వాన్కెలెకోమ్ బృందం. ఈ బుడగలకు ముందు ఈస్ట్రోజెన్ ఇచ్చి, తరవాత ప్రొజెస్టెరాన్ కలిపితే, నెలసరి చక్రంలో గర్భాశయం స్పందించినట్టే స్పందిస్తాయి. గోడ లోపలికి ముడతలు పడుతుంది, లోపలి డొల్లలోకి స్రావాలు చేరతాయి. తొలి గర్భంలో మాయ నుంచి వచ్చే హార్మోన్లను కూడా చేర్చితే, పిండానికి తొలి వారాల్లో ఆహారమయ్యే స్రావాలు ఇంకా పెరుగుతాయి. కడుపులో ఏ కెమెరా చూడలేని దశ అది.

దీని విలువ తెలియాలంటే ఇంతకాలం ఈ పరిశోధన ఏ జంతువు మీద జరిగిందో గుర్తుచేసుకోవాలి. ల్యాబు ఎలుకకు నెలసరి రాదు. నెలసరి వచ్చేది మనుషులకు, కొన్ని కోతి జాతులకు, కొన్ని గబ్బిలాలకు, ఇంకా వేళ్లమీద లెక్కపెట్టగల కొద్ది జీవులకు మాత్రమే. స్త్రీ గర్భాశయ లోపొర జీవితంలో సుమారు 400 సార్లు రాలి, ప్రతిసారీ మచ్చ పడకుండా మానుతుంది. ఒంట్లో ఇలా చేసే కణజాలం అరుదు. అంత ప్రత్యేకమైన అవయవానికి వచ్చే జబ్బులను ఆ గుణమే లేని జంతువులో వెతకడం వల్ల మందులు ముందుకు సాగలేదు. స్త్రీల బాధను ‘అది అందరికీ ఉండేదే’ అని కొట్టిపారేసే అలవాటు ఇంట్లోనే కాదు, పరిశోధనకు డబ్బు కేటాయించే చోట కూడా ఉందని చెప్పక తప్పదు.

ఎండోమెట్రియోసిస్ ఇందుకు పెద్ద ఉదాహరణ. గర్భాశయ లోపొరను పోలిన కణజాలం అండాశయాల మీద, పొత్తికడుపు లోపలి పొర మీద, పేగుల మీద పెరిగి, నెలనెలా వాచి, నొప్పినీ అతుకులనూ కలిగించే జబ్బు ఇది. సంతానయోగ్య వయసులోని స్త్రీలలో సుమారు 10 శాతం మందికి, అంటే ప్రపంచంలో 19 కోట్ల మందికి ఇది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నొప్పి మొదలైన ఏళ్లకు గానీ జబ్బు పేరు బయటపడదు. ఈలోపు ఆ అమ్మాయికి పెళ్లి చేస్తే తగ్గుతుందని, పిల్లలు పుడితే సర్దుకుంటుందని చెప్పేవాళ్లు చుట్టూ ఉంటారు. తీరా పిల్లలు పుట్టకపోవడానికి కారణం ఆ జబ్బే అయివుంటుంది. 2019లో లూవెన్ బృందం ఎండోమెట్రియోసిస్ మచ్చల నుంచీ, మందమెక్కిన లోపొర నుంచీ, గర్భాశయ క్యాన్సర్ నుంచీ, వంశపారంపర్యంగా క్యాన్సర్ ముప్పు ఉండే లించ్ సిండ్రోమ్ ఉన్న స్త్రీల నుంచీ విడివిడిగా ఆర్గనాయిడ్లు పెంచింది. ఒక్కొక్కటీ తాను వచ్చిన జబ్బు లక్షణాలను నిలుపుకున్నాయి. మామూలు లోపొరకు, జబ్బు పడిన లోపొరకు, క్యాన్సర్‌కు మధ్య ఉన్న మెట్లను ఒకే పద్ధతిలో పక్కపక్కన పెట్టి చూడగలగడం అంతకుముందు లేదు. ప్రొజెస్టెరాన్ మాత్రలు కొందరికి పనిచేసి కొందరికి పనిచేయకపోవడానికి కారణం వెతికే దారి కూడా ఇక్కడే తెరుచుకుంటుంది.

మాయ విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 2018లో కేంబ్రిడ్జ్, వియన్నా బృందాలు తొలి మూడు నెలల మాయ కణాల నుంచి ఆర్గనాయిడ్లు పెంచాయి. కేంబ్రిడ్జ్ ల్యాబులో ఆ ఆర్గనాయిడ్లు పెరుగుతున్న ద్రవంలో మందుల షాపులో దొరికే గర్భనిర్ధారణ స్ట్రిప్ ముంచితే పాజిటివ్ వచ్చింది. కణాలు నిజంగా మాయ పనే చేస్తున్నాయనడానికి అంతకంటె సులువైన రుజువు దొరకదు. గర్భిణుల్లో బీపీ పెరిగి తల్లీబిడ్డల ప్రాణం మీదికి వచ్చే జబ్బుకు మూలం మాయ గర్భాశయంలోకి సరిగ్గా వేళ్లూనకపోవడంలోనే ఉందని వైద్యులు భావిస్తారు గనుక, ఈ దారిలో జరిగే పని మీద ఆశ పెట్టుకోవచ్చు.

అండవాహిక (అండాన్ని గర్భాశయానికి చేర్చే ట్యూబు) కథ మాత్రం తీరిగ్గా చెప్పదగినది, ఎందుకంటే అక్కడ సంతానలేమి, క్యాన్సర్ ఒకే గొట్టంలో కలుస్తాయి. అండాశయ క్యాన్సర్లలో ఎక్కువమందిని బలితీసుకునే రకం అండాశయంలోనే పుడుతుందని దశాబ్దాలుగా నమ్మారు. లోపం ఉంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే బీఆర్‌సీఏ జన్యువులో అలాంటి లోపం ఉన్నందున ముందుజాగ్రత్తగా ట్యూబులు, అండాశయాలు తీయించుకున్న స్త్రీల కణజాలాన్ని పరిశీలించిన నెదర్లాండ్స్ పాథాలజిస్టులు 2001లో వేరే సంగతి చూశారు. క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పులు అండాశయంలో కాదు, అండవాహికలో కనిపించాయి. తరవాతి పరిశోధనలు ఆ మార్పులు ముఖ్యంగా అండాశయం వైపు కుచ్చులా విచ్చుకునే చివర మొదలవుతాయని చూపాయి. ఆ కణాలు రాలి పక్కనే ఉన్న అండాశయం మీద పడి అక్కడ కణితిగా పెరుగుతాయి. గర్భసంచి తీసేటప్పుడు అండాశయాలను ఉంచి ట్యూబులను మాత్రం తీసేయడం మేలన్న ఆలోచన ఇందులోంచే వచ్చింది.

2015లో బెర్లిన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో థామస్ మేయర్ బృందం మానవ అండవాహిక నుంచి ఆర్గనాయిడ్లు పెంచింది. వాటిలో స్రావాలిచ్చే కణాలూ, అండాన్ని ముందుకు తోసే సన్నని నూగు ఉన్న కణాలూ రెండూ ఏర్పడ్డాయి. అదే బృందం 2019లో ఆ ఆర్గనాయిడ్లకు క్లమీడియా అనే లైంగిక సంక్రమణ సూక్ష్మజీవిని సోకించి చూసింది. చాలామంది స్త్రీలలో ఈ సూక్ష్మజీవి ఏ లక్షణమూ చూపకుండా ఉండిపోయి, కొందరిలో ట్యూబులను మూసేస్తుంది. ఆర్గనాయిడ్లలో సంక్రమణ తగ్గిన తరవాత కూడా కణాల డీఎన్ఏ మీద ముద్రలు మిగిలిపోయి, ఆ కణాలు వయసుకు మించి ముసలివాటిలా తయారయ్యాయి. మన దేశంలో ట్యూబులు మూసుకుపోవడానికి క్షయ కూడా ఒక ముఖ్యమైన కారణం. ట్యూబుల్లో దిగిన క్షయ బయటికి కనిపించదు, దగ్గు ఉండదు, పిల్లలు పుట్టడం లేదని పరీక్షకు వెళ్తే గానీ తెలియదు. క్షయ ట్యూబులను ఎలా దెబ్బతీస్తుందన్న ప్రశ్నను యూరప్ స్త్రీల కణజాలం మీద కాదు, ఇక్కడి స్త్రీల కణజాలం మీద అడగవలసి ఉంది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ దగ్గర విషయం కొంత భిన్నం. దానికి కారణం హెచ్‌పీవీ అనే వైరస్ అని హరాల్డ్ జుర్ హౌసెన్ నిరూపించి 2008లో నోబెల్ అందుకున్నారు, టీకా ఉంది, స్క్రీనింగ్ పరీక్ష ఉంది. అయినా మన దేశంలో ఏటా లక్షా ఇరవై వేలకు పైగా స్త్రీలకు ఈ క్యాన్సర్ వస్తోంది. ఇక్కడ ప్రాణాలు నిలిపేది టీకా, పరీక్షలే. ఆర్గనాయిడ్ల కోసం వాటిని వెనక్కి నెట్టడం తప్పవుతుంది. అయితే పాప్ స్మియర్‌కు (ముఖద్వారపు కణాలను తీసి చూసే పరీక్షకు) వాడే బ్రష్షుకు అంటుకున్న కణాల నుంచి కూడా ఆర్గనాయిడ్లు పెంచవచ్చని 2021లో తేలింది. ముఖద్వారంలో రెండు రకాల పొరలు కలిసే అంచు ఉంటుంది, క్యాన్సర్ మొదలయ్యేది చాలావరకు అక్కడే. ఆ రెండు పొరలకూ వేరువేరు మూలకణాలున్నాయన్న సంగతి కూడా అదే ఏడాది ఆర్గనాయిడ్ల ద్వారా బయటపడింది.

ఇక రోగి కణితి నుంచి ఆర్గనాయిడ్లు పెంచి, వాటి మీద మందులు పరీక్షించి, పనిచేసిన మందునే రోగికి ఇవ్వవచ్చన్న ఆశ. ఇది ఎక్కువగా ప్రచారంలో ఉన్న మాట కాబట్టి జాగ్రత్తగా చూడాలి. 2018లో లండన్‌లో జీర్ణవ్యవస్థ క్యాన్సర్లు ముదిరిన రోగుల మీద జరిగిన అధ్యయనంలో, ఆర్గనాయిడ్ల మీద పనిచేయని మందు రోగిలో కూడా పనిచేయలేదు. అక్కడ పనిచేసిన మందు రోగిలో పనిచేసింది 88 శాతం సందర్భాల్లో. అండాశయ క్యాన్సర్‌కు సంబంధించి 2019లో హుబ్రెక్ట్ బృందం 32 మంది రోగుల నుంచి 56 ఆర్గనాయిడ్ వరసలను స్థాపించింది. ఒకే స్త్రీ కడుపులో వేర్వేరు చోట్ల ఉన్న కణితులు ఒకే మందుకు వేర్వేరుగా స్పందించగలవని ఇలాంటి అధ్యయనాలు చూపాయి. ఒకచోటి బయాప్సీని చూసి మొత్తం జబ్బు స్వభావం తేల్చడంలో ఉన్న ప్రమాదం ఇది. ఈ అంకెలు ఆశ కలిగిస్తాయి, కానీ ఇవి పదుల సంఖ్యలో రోగుల మీద వచ్చినవి. ఆర్గనాయిడ్లు పెరగడానికి వారాలు పడుతుంది. కీమో మొదలుపెట్టవలసిన రోగి అన్నాళ్లు ఆగలేదు. అన్ని కణితులూ జెల్‌లో పెరగవు. కొన్నిసార్లు కణితి ముక్కలో ఉన్న మామూలు కణాలే చురుకుగా పెరిగి క్యాన్సర్ కణాలను కప్పేస్తాయి, అప్పుడు పరీక్ష జరిగేది జబ్బు మీద కాదు. అందుచేత ఆర్గనాయిడ్ పరీక్ష చేసి మందు ఎంచి ఇస్తామని ఎవరైనా డబ్బు అడిగితే, ఆ పరీక్ష ఏ క్యాన్సర్‌కు, ఎంతమంది మీద రుజువైందని అడిగే హక్కు రోగి కుటుంబానికి ఉంది.

పద్ధతిలోనే ఉన్న లోపాలు కూడా చిన్నవి కావు. బుడగలో రక్తనాళాలు లేవు, రోగనిరోధక కణాలు లేవు, నరాలు లేవు. ఎండోమెట్రియోసిస్ నొప్పిని నరం లేని బుడగలో వెతకలేం. ఆక్సిజన్ బయటినుంచి ఊరవలసిందే కాబట్టి కొంత పరిమాణం దాటితే నడిమధ్య కణాలు చచ్చిపోతాయి. మాయ ఆర్గనాయిడ్లలో తల్లి రక్తానికి ఎదురుగా బయట ఉండవలసిన పొర లోపల ఏర్పడింది, చొక్కా తిరగేసి తొడుక్కున్నట్టు. వాడే జెల్ ఎలుకల్లో పెంచిన ఒక రకం కణితి నుంచి తీసింది. ఒక సీసాకూ మరో సీసాకూ తేడా ఉంటుంది, ధర కూడా ఎక్కువ. గ్రంథి కణాలతోపాటు చుట్టూ ఉండే బంధన కణాలను కూడా కలిపి పెంచే ప్రయత్నం ఇంగ్లండ్‌లోని వారిక్ విశ్వవిద్యాలయంలో యాన్ బ్రోసెన్స్ బృందం చేసింది, పిండం అతుక్కునే ఘట్టాన్ని అందులో చూసింది. లోపాలను ఇలా ఒక్కొక్కటిగా పూడుస్తున్నారు.

చట్టం కూడా ఈ వైపు కదిలింది. మందును మనుషుల మీద ప్రయోగించే ముందు జంతువుల మీద పరీక్షించి తీరాలన్న షరతును అమెరికా 2022 డిసెంబరులో సడలించింది. మన దేశంలో 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నియమావళిని 2023 మార్చిలో సవరించి, ఆర్గనాయిడ్ల వంటి పద్ధతులకు కూడా చోటిచ్చారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) ఆవరణలో ఇలాంటి మానవ నమూనాల మీద పనిచేసే కేంద్రం ఉంది.

మరి విజయవాడ, గుంటూరుల్లో ఏం చేయగలరు? ఆర్గనాయిడ్ ల్యాబు పెట్టడం పెద్ద ఖర్చు. కానీ కణజాలాన్ని బతికించి పంపడం అంత ఖర్చుతో కూడిన పని కాదు. నాలుగు డిగ్రీల దగ్గర తగిన ద్రవంలో ఉంచితే ముక్క ఒక పగలూ రాత్రీ తట్టుకుంటుంది. హైదరాబాద్ బస్సు ప్రయాణం అందులో పావువంతు. మే నెల విజయవాడ ఎండలో ఐసు పెట్టె కరిగిపోకుండా చూడడమే కష్టం. లేదా ముక్కను అక్కడికక్కడే గడ్డకట్టించి ద్రవ నత్రజనిలో దాచవచ్చు. ద్రవ నత్రజని ఈ జిల్లాలకు కొత్త వస్తువు కాదు. మైనస్ 196 డిగ్రీల క్యానుల్లో ఒంగోలు గిత్తల వీర్యం కడ్డీలను పశువుల ఆసుపత్రులు ఏళ్లుగా దాస్తున్నాయి, ఐవీఎఫ్ కేంద్రాలు పిండాలను దాస్తున్నాయి. ప్రభుత్వ బోధనాసుపత్రులు, పాథాలజీ విభాగాలు, మంగళగిరి ఎయిమ్స్ ఒక మాట మీదికి వస్తే, తీసిన గర్భసంచిలో పాథాలజీ పరీక్షకు అడ్డురాని చిన్న ముక్కను పక్కకు తీసి పెట్టడం ఆచరణలో సాధ్యమే. అప్పుడు ఫారంలో ఖాళీగా వదిలేసిన ఆ నెలసరి తేదీ గడికి విలువ వస్తుంది, ఎందుకంటే ఏ రోజు తీసిన లోపొరో తెలియకపోతే అందులోంచి పెరిగిన బుడగ ఇచ్చే సమాధానానికి అర్థం చెప్పలేం. కత్తి పెట్టకుండానే కణాలు సేకరించే దారి కూడా ఉంది. నెలసరి రక్తంలో రాలిన కణజాలం నుంచి పెంచిన ఆర్గనాయిడ్లు బయాప్సీ నుంచి పెంచిన వాటిలాగే ఉన్నాయని 2021లో కేంబ్రిడ్జ్ బృందమే చూపింది. అంటు అని దూరం పెట్టిన రక్తం పరిశోధనకు పనికివస్తుందని ఇళ్లలో చెప్పి ఒప్పించడానికి ఏఎన్ఎం, ఆశా కార్యకర్తల సాయం కావాలి.

వీటన్నిటికంటె ముందు తేలవలసింది అనుమతి. 1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోయిన హెన్రియెట్టా లాక్స్ కణితి నుంచి ఆమెకు చెప్పకుండా తీసిన కణాలు ప్రపంచమంతా ల్యాబుల్లో పెరిగాయి. వాటితో వ్యాపారం చేసిన ఒక సంస్థ ఆమె కుటుంబంతో రాజీకి వచ్చింది 2023లో. ఇక్కడ ఆపరేషను ముందు రోగి చేత సంతకమో వేలిముద్రో వేయించే కాగితం తరచు ఇంగ్లీషులో ఉంటుంది, భర్తో కొడుకో చదివినట్టు తలాడిస్తాడు. కణజాలం దాచే పని మొదలుపెడితే దానికి వేరే కాగితం ఉండాలి, అది తెలుగులో ఉండాలి, దాన్ని నర్సు ఆమెకే చదివి వినిపించాలి. ఏ ముక్క తీస్తారో, ఎక్కడ పెంచుతారో, దాంతో మందు తయారై అమ్ముడైతే ఎవరికి లాభమో, ఇష్టం లేదంటే ఆమె వైద్యంలో ఏ తేడా రాదని, ఇచ్చాక కూడా వద్దంటే ఆ కణాలను పారేస్తారని అందులో రాయాలి. చదవడం పూర్తయ్యాక ఆమె ఒక రోజు గడువు అడిగితే, ఆ ముక్క ఫార్మాలిన్‌లోకే వెళ్లినా సరే, ఆ గడువు ఇవ్వాలి.